చిన్నదైన కొలది బలమా?
సూక్ష్మ లోహనమూనాల పరీక్షలపై ఒక విమర్శ

వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో కలియుచున్నది. ఆ సంగమమునకు సమీపముననే బీబీనగరము–నడికుడి రైలుమార్గము విష్ణుపురము స్టేషనును విడిచి, కృష్ణను దాటి, పొందుగల చేరును. సిమెంటు మోయు గూడ్సుబండి ఎంత బరువైనదో ఆ ప్రాంతపు పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. అంత బరువును పట్టా ఓర్చునని ఎట్లు తెలియును? పట్టాను మొత్తముగ లాగి తెంపి చూచుట సాధ్యము కాదు. కర్మాగారములో దానినుండి చిన్న ముక్కను కోసి, లేతుయంత్రముపై గుండ్రని కడ్డీగ చేసి, పరీక్షాయంత్రములో బిగించి తెగువరకు లాగుదురు. భారతీయ రైల్వేలలో విస్తారముగ వాడబడిన 880 గ్రేడు పట్టా అనగా, అట్టి ముక్క తెగుటకు ముందు కనీసము 880 మెగాపాస్కల్ ప్రతిబలమును భరించవలెనని అర్థము. ఒక మెగాపాస్కల్ అనగా చదరపు మిల్లీమీటరు మీద సుమారు నూరు గ్రాముల బరువు. కనుక ఆ ఉక్కులో ప్రతి చదరపు మిల్లీమీటరును దాదాపు 90 కిలోగ్రాములను మోయగలదు.

ఈ పరీక్ష వెనుక ఒక ఊహ దాగియున్నది. చేతిలో పట్టునంత ముక్క మైళ్ళ పొడవునా పరచిన పట్టా తరఫున సాక్ష్యము చెప్పునని ఆ ఊహ. బలము పదార్థమునకు చెందిన గుణమేగాని ముక్కకు చెందినది కాదనియు, బరువును అడ్డుకోత వైశాల్యముచే భాగించినంతనే పరిమాణపు ప్రసక్తి తొలగిపోవుననియు ఉన్నత పాఠశాలలో స్థితిస్థాపకతను బోధించునపుడు చెప్పుదురు. ఈ భావము పాతది. లియోనార్డో డావిన్చి ఇనుపతీగకు బుట్టను వ్రేలాడదీసి, అందులో ఇసుక పోయుచు తీగను తెంపు బరువును కనుగొను విధమును తన నోటుపుస్తకములో వ్రాసికొనెను. తీగ పొడవును మార్చి మార్చి చూడవలెననియు సూచించెను. 1638లో వెలువడిన తన గ్రంథములో గెలీలియో ఆ చర్చను గణితపు దారిలో పెట్టెను. వంతెనలు, బాయిలర్లు, పట్టాలు అన్నియు ఆ ఊహ మీద ఆధారపడియే కట్టబడినవి, నిలిచియున్నవి. కనుక అది తప్పని ఎవరును అనజాలరు. అయితే అది ఎంత చిన్న ముక్క వరకు నిలుచును?

ఈ ప్రశ్నకు సమాధానముగ గత కొన్ని దశాబ్దులలో ఒక వాక్యము వ్యాప్తిలోనికి వచ్చినది: లోహము చిన్నదైన కొలది బలమైనది. పరిశోధనా పత్రములకు శీర్షికగను, ప్రసంగములలో నినాదముగను ఈ మాట స్థిరపడినది. జనరంజక వ్యాసముల ద్వారా ఇది తరగతి గదికిని చేరుచున్నది. చెప్పుటకు సులభము, వినుటకు వింత. కనుక ప్రచారమునకు కొదువ లేదు. కాని ఇది సగము మాత్రమే నిజము. పైగా ఆ సగమును చెప్పు విధములో అసలు కారణము మరుగుపడిపోవుచున్నది.

మొదట ఆ సగము నిజమును చూడవలెను. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కానియర్స్ హెరింగ్, జాన్ గాల్ట్ అనువారు తగరముపై వాటంతట అవియే మొలచు సన్నని స్ఫటికతంతువులను పరీక్షించిరి. వెంట్రుకకంటె ఎన్నో రెట్లు సన్నని ఆ తంతువులను బాగుగ వంచి విడిచినను అవి వంపు మిగులకుండ తిరిగి నిటారుగ నిలిచెను. సాధారణ తగరము అంతటి వికృతిలో నూరవవంతుకైనను ఓర్వక శాశ్వతముగ వంగిపోవును. 1956లో ఎస్. ఎస్. బ్రెన్నర్ ఇనుము, రాగి, వెండి తంతువులను లాగి చూచెను. అతడు పరీక్షించిన ఇనుపతంతువులలో 1.6 మైక్రోమీటర్ల వ్యాసము గలది ఒకటి సుమారు 13,000 మెగాపాస్కల్ వరకు తెగలేదు. అనగా రైలుపట్టా ఉక్కునకు దాదాపు పదునైదు రెట్లు. ఆ సంఖ్యను చూచి విస్తుపోవు విద్యార్థిచేత ఇంకొక లెక్కయు చేయించవలెను. 1.6 మైక్రోమీటర్ల తంతువు అడ్డుకోత వైశాల్యము చదరపు మిల్లీమీటరులో ఐదులక్షలవ వంతు. కనుక ఆ మహాబలశాలి నిజముగ మోసినది రెండున్నర గ్రాములకు కొంచెము పైన మాత్రమే.

ఆ తంతువులు ప్రకృతి పెంచినవి. కావలసిన పరిమాణములో, కావలసిన లోహములో దొరకవు. 2004 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో మైకేల్ ఉచిక్, డెన్నిస్ డిమిడుక్, జెఫ్రీ ఫ్లొరాండో, విలియం నిక్స్ ప్రకటించిన పత్రము ఈ ఇబ్బందిని తొలగించెను. వారు పెద్ద నికెల్ స్ఫటికమును తీసికొని, గాలియం అయానుల సన్నని పుంజముతో దాని ఉపరితలమును చెక్కి, చుట్టును గుంట త్రవ్వి, నడుమ చిన్న స్తంభమును మిగిల్చిరి. స్తంభపు పాదము తల్లి స్ఫటికములోనే యుండును. కనుక దానిని పట్టుకొని బిగించు బాధ లేదు. మొన చదునుగ నున్న వజ్రముతో పైనుండి నొక్కి, ఎంత బలమునకు ఎంత కుదించుకొనిపోయెనో కొలిచిరి. 20 మైక్రోమీటర్లకు పైబడిన నికెల్ స్తంభములు పెద్ద ముక్కల వలెనే ప్రవర్తించెను. అంతకు దిగువన బలము పెరుగసాగెను. 2005లో జూలియా గ్రీర్, వారెన్ ఆలివర్, నిక్స్ బంగారముతో ఇట్టి పరీక్షలే చేసి, మైక్రోమీటరుకంటె సన్నని స్తంభములలో 800 మెగాపాస్కల్ వరకు బలమును చూచిరి. నగలు చేయు మెత్తని బంగారము అందులో చిన్న భాగమునకే లొంగిపోవును.

ఈ 2004 పత్రము గొప్ప పని. ఆధునిక లోహశాస్త్రములో ఒక పరీక్షావిధానము ఇంత త్వరగా ఇన్ని ప్రయోగశాలలకు వ్యాపించుట అరుదు. దాని గొప్పతనము కొలతలలో మాత్రమే లేదు; రచయితల జాగ్రత్తలోను ఉన్నది. మైక్రోమీటరు స్థాయిలో లోహపు బలమును చెప్పవలెనన్న బయటి ఆకారమును, లోపలి నిర్మాణమును రెంటిని చెప్పవలెనని వారు స్పష్టముగ వ్రాసిరి. వెనుక వచ్చినవారిలో చాలమంది మొదటి దానిని పట్టుకొని రెండవ దానిని విడిచిరి. వ్యాసమును మార్చుట, బలమును కొలుచుట, రెంటిని లాగరిథం కాగితముపై గుర్తించి వాలును చదువుట పరిపాటియైనది. నికెల్, రాగి, బంగారము వంటి లోహములకు ఆ వాలు 0.6 పరిసరములలో వచ్చును: వ్యాసము సగమైనచో బలము ఒకటిన్నర రెట్లు, పదవవంతైనచో నాలుగు రెట్లు. మాలిబ్డినము, టంగ్‌స్టను వంటి మరియొక కుటుంబపు లోహములకు వాలు సామాన్యముగ ఇంతకంటె తక్కువ. వాలులు ప్రోగుపడినవి. కాని వ్యాసము లోహమును ఏ విధముగ బలపరచును? వ్యాసము ఒక పొడవు మాత్రమే. అది ఏ పరమాణువును పట్టి ఆపదు.

సమాధానము కొరకు లోహము ఎందుకు వంగునో తెలిసికొనవలెను. 1926లో రష్యా శాస్త్రజ్ఞుడు యాకోవ్ ఫ్రెంకెల్ ఒక లెక్క వేసెను. స్ఫటికములో ఒక పరమాణు పొర మొత్తము దాని క్రింది పొరపై ఒక్కసారిగ జారవలెనన్న ఎంత ప్రతిబలము కావలెను? ఆ లెక్కను తరువాతివారు సవరించిన మీదటను రాగికి వేయి మెగాపాస్కల్‌కు పైగనే వచ్చును. బాగుగ కాచి చల్లార్చిన రాగిస్ఫటికము నిజముగ జారుట ఒక మెగాపాస్కల్ పరిసరములలోనే. అనగా వింత చిన్న తంతువు బలములో లేదు, పెద్ద ముక్క బలహీనతలో ఉన్నది. ఈ చిక్కును 1934లో జి. ఐ. టేలర్, ఎగన్ ఒరొవాన్, మైకేల్ పొలాని వేరువేరుగ విడదీసిరి. పొర మొత్తము ఒక్కసారి జారదు. పెద్ద జంపఖానాను నేలపై ఈడ్చుట కష్టము. ఒక అంచున మడతను లేపి ఆ మడతను ఆవలి అంచునకు నెట్టినచో జంపఖానా సులభముగ జరుగును. స్ఫటికములో అట్టి మడత వంటి దోషరేఖలు కలవు. వాటిని ఇంగ్లీషులో డిస్లొకేషనులందురు. స్థానభ్రంశమను మాటను గతిశాస్త్రము ముందే తీసికొన్నది కనుక, వీటిని ఇచట భ్రంశరేఖలనుట మేలు.

మిర్యాలగూడ ధాన్యపు మిల్లులను ఎరిగినవారికి ఈ రేఖల పని సులభముగ తెలియును. గోదాములోని బస్తాలు వాటంతట అవి కదలవు, హమాలీలు కదిలింతురు. ఇరవైమంది హమాలీలున్నచో పని చురుకుగ సాగును. ఇరుకు సందులో రెండువందలమంది చేరినచో ఒకరి దారికి ఒకరు అడ్డువచ్చి పని కుంటుపడును. హమాలీ ఒక్కడును లేనిచో ఎన్ని దినములైనను బస్తాలు కదలవు. భ్రంశరేఖలు లోహపు హమాలీలు. కొద్దిపాటి రేఖలున్న లోహము మెత్తన. కిక్కిరిసిన లోహము గట్టి. రేఖలే లేనిది మిక్కిలి గట్టి. ఈ ఉపమానమునకు ఒక హద్దు కలదు: హమాలీలు పనిచేసినంత మాత్రమున సంఖ్యలో పెరుగరు, భ్రంశరేఖలు పెరుగును. రెండు చివరలు చిక్కుకొన్న రేఖ ప్రతిబలమునకు విల్లువలె వంగి, చుట్టుకొని, కొత్త రేఖను వదలి తాను మరల మొదటి స్థితికి వచ్చును. దీనిని 1950లో ఫ్రాంక్, రీడ్ వివరించిరి.

గట్టిదనమునకు దారులు రెండున్నవని ఇందువలన తేలుచున్నది: కిక్కిరియుట ఒకటి, ఖాళీ అగుట మరియొకటి. మొదటి దానిలో లోహము బలపడును. రెండవ దానిలో లోహము బలముగ నుండును. చిన్నదైన కొలది బలమను వాక్యము ఈ రెంటిని ఒకే బుట్టలో వేసినది. ఇదియే దాని ముఖ్యదోషము.

ఏ ముక్కలో ఎన్ని రేఖలుండునో కాగితముపై లెక్కింపవచ్చును. పదవ తరగతి విద్యార్థికి అందని గణితము ఇందులో లేదు. కాచి చల్లార్చిన స్ఫటికములో చదరపు మీటరు అడ్డుకోతను సుమారు వేయికోట్ల రేఖలు దాటుననుకొనవచ్చును, అనగా పదికి పదవ ఘాతము. ఒక మిల్లీమీటరు వ్యాసము గల తీగ అడ్డుకోతలో వాటి సంఖ్య దాదాపు 8,000. ఒక మైక్రోమీటరు వ్యాసము గల స్తంభములో 0.008. రేఖలో ముక్క యుండదు కనుక ఈ సంఖ్యకు అర్థము, అట్టి స్తంభములు నూటికి తొంబదితొమ్మిది ఖాళీ అని. అదే లోహమును సుత్తితో బాగుగ సాగగొట్టినచో రేఖల సాంద్రత పదికి పదునైదవ ఘాతము వరకు పెరుగును. అప్పుడు ఆ మైక్రోమీటరు స్తంభములోను 800 రేఖలుండును. వ్యాసము రెండు సందర్భములలోను ఒక్కటే. ఒకటి ఖాళీ గోదాము, రెండవది సంతదినపు బజారు.

మధ్యస్థ పరిమాణములలో, రేఖలు కొన్ని యున్నను పొట్టివైపోయిన చోట, మరియొక లెక్క పనికివచ్చును. చిక్కుకొన్న రేఖను విల్లుగ వంచుటకు కావలసిన ప్రతిబలము దాని పొడవునకు విలోమముగ నుండును. నికెల్‌లో రేఖ పొడవు 10 మైక్రోమీటర్లైనచో 2 మెగాపాస్కల్ చాలును. అర మైక్రోమీటరైనచో 38 కావలెను. పదవవంతు మైక్రోమీటరైనచో 190. స్తంభములో ఇమిడిన రేఖ స్తంభము కంటె మిక్కిలి పొడవుగ నుండజాలదు. కనుకనే 20 మైక్రోమీటర్ల దిగువన, ఎవరును ఊహింపనంత పెద్ద పరిమాణముననే, బలము పెరుగుట మొదలైనది. అయితే ఈ లెక్క ఒక్కటియే నిజమైనచో వాలు 1 కావలెను, ప్రయోగములో వచ్చినది 0.6. లోపలి ఇతర రేఖల అడ్డు, పరమాణుజాలపు ఘర్షణ, ఏ స్తంభములో ఏ పొడవు రేఖ పడినదను అదృష్టము అన్నియు కలిసి ఆ సంఖ్యను తయారుచేయుచున్నవి. దానిని ప్రకృతి నియమముగ పూజించుట కంటె పలు కారణముల మిశ్రమముగ చూచుట సబబు.

ఈ వాదమునకు నిర్ణాయకమైన సాక్ష్యము 2007, 2008 సంవత్సరములలో ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలనుండి వచ్చినది. హాంగ్‌బిన్ బెయ్, ఈసో జార్జ్ మున్నగువారు స్తంభములను అయానులతో చెక్కలేదు. నికెల్-అల్యూమినియం మిశ్రలోహములో మాలిబ్డినపు నారలు వరుసగ పెరుగునట్లు ఘనీభవింపజేసి, చుట్టునున్న లోహమును ఆమ్లముతో కరిగించిరి. మాలిబ్డినపు స్తంభములు నిలిచిపోయెను. వాటిలో పుట్టుకతో రేఖలు లేవు. నొక్కినపుడు అవి 9,000 మెగాపాస్కల్‌కు మించి భరించి, పిదప ఒక్కసారిగ కూలిపోయెను. అర మైక్రోమీటరు లోపు స్తంభమైనను, ఒక మైక్రోమీటరు స్తంభమైనను బలము ఒక్కటే. పరిమాణప్రభావము మాయమైనది! చిన్నదనమే బలమునకు కారణమైనచో ఇచట అది ఎక్కడికి పోయినది?

రెండవ ప్రయోగము ఇంకను ఆసక్తికరము. స్తంభములను బయటికి తీయుటకు ముందే ఆ మిశ్రలోహమును 11 శాతము వరకు కుదించిరి. పెద్ద లోహమును ఇట్లు ముందుగ విరూపణమునకు గురిచేసినచో అది బలపడునని కమ్మరులందరు ఎరుగుదురు. స్తంభములు మాత్రము బలహీనపడెను. ఖాళీగ నున్నప్పటి బలములో కొద్దిభాగమునకే అవి లొంగి, పెద్ద ముక్కవలె మెల్లగ, సాఫీగ కుదించుకొనెను. తక్కువగ కుదించిన వాటిలో ఒకటి బలముగను, దాని పక్కది బలహీనముగను కనబడెను. రేఖ పడినదా లేదా అన్నదే భేదము. ఒకే దెబ్బ పెద్ద ముక్కను బలపరచి చిన్న ముక్కను నీరసింపజేసినది. ఖాళీ గోదాములోనికి పదిమంది హమాలీలు వచ్చినచో పని మొదలగును. కిక్కిరిసిన గోదాములోనికి వచ్చినచో పని ఆగును. చిన్నదైన కొలది బలమను సూత్రముతో ఈ ఫలితమును వివరించుట అసాధ్యము. రేఖల లెక్కతో రెండు వాక్యములలో వివరింపవచ్చును.

నొక్కుడు రేఖలను నింపుటయే గాక, ఖాళీయు చేయగలదు. 2008లో ఝివెయ్ షాన్, రాజ్ మిశ్రా, సయ్యద్ ఆసిఫ్, ఆండ్రూ మైనర్ మున్నగువారు మైక్రోమీటరులో ఆరవవంతు వ్యాసము గల నికెల్ స్తంభమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనే నొక్కి చూచిరి. మొదట స్తంభము నిండ రేఖలే. నొక్కగనే అవి పక్కగోడల గుండ బయటికి జారిపోయి, స్తంభము శుభ్రమైనది. పెద్ద లోహములో రేఖలను తగ్గింపవలెనన్న కొలిమిలో కాచవలెను. చిన్న స్తంభములో నొక్కిన చాలును, గోడ దగ్గరగ నున్నది కనుక.

ఆ మొదటి రేఖలు ఎక్కడివి? ఈ ప్రశ్న స్తంభపరీక్షలలోని బలహీనతను బయటపెట్టుచున్నది. గాలియం అయానులు ఉలివంటివి. చెక్కుచు చెక్కుచునే ఉపరితలపు పొరను గాయపరచి, కొంత తామును లోపల దిగబడును. గాయపు లోతు పదుల నానోమీటర్లు మాత్రమే. 20 మైక్రోమీటర్ల స్తంభములో అది లెక్కకు రాదు. పదవవంతు మైక్రోమీటరు స్తంభములో సగమునకు పైగ గాయమే. కనుక పరిమాణము తగ్గించినకొలది పరీక్షకు గురియగు వస్తువే మారిపోవుచున్నది. స్తంభము పైన సన్నగ, అడుగున లావుగ చెక్కబడుట మరియొక లోపము: పైభాగము ముందు లొంగును, క్రిందిది తరువాత, దానితో లోహము బలపడుచున్నట్లు గీతపై భ్రాంతి కలుగును. వజ్రపు మొనకు స్తంభపు తలకు నడుమ ఘర్షణయు జారుడును అడ్డగించును. ఈ లోపములను పరిశోధకులే ఒకరివి ఒకరు ఎత్తిచూపి చాలవరకు సవరించిరి. అయినను నినాదమును వాడువారు ఈ సవరణల జోలికి పోరు.

తెలుగు పాఠకునకు మరియొక గందరగోళమునుండి రక్షణ అవసరము. చిన్న ముక్క వేరు, చిన్న రేణువు వేరు. సాధారణ లోహము కోట్లకొలది స్ఫటికరేణువుల కూర్పు. రేణువుల సరిహద్దులు రేఖలకు ప్రహరీగోడలు. రేణువులు చిన్నవైనచో గోడలు దగ్గరై, లోహము బలపడునని 1951లో హాల్, 1953లో పెచ్ కనుగొనిరి. ఇచట గోడ రేఖను ఆపును. స్తంభములో బయటి తలము రేఖను బయటికి పోనిచ్చును. రెంటికి చిన్న అను విశేషణము తప్ప పోలిక తక్కువ. రేణువుల కథకును అంతము కలదు: అవి కొన్ని నానోమీటర్లకు దిగినపుడు లోహము తిరిగి మెత్తబడుటను 1989లో చోక్షి, రోసెన్, కార్చ్, గ్లైటర్ ప్రకటించిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగ పనిచేసిన కె. ఎ. పద్మనాభన్ 2007లో డిండా, హాన్, గ్లైటర్‌లతో కలిసి, అచట రేణువులే ఒకదానిపై నొకటి జారుటను కారణముగ చూపిరి. చిన్నదైన కొలది బలమను సూత్రము తన సొంత ఇంటనే తలక్రిందులైనదన్నమాట.

హైదరాబాదులోనే మరియొక ఉదాహరణము దొరకును. అచటి రక్షణ లోహ పరిశోధనశాల హెలికాప్టరు ఇంజనుల కొరకు నికెల్ మిశ్రలోహముతో ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలను తయారుచేసి, అరువది రెక్కలను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందించెను. రెక్క మొత్తము ఒకే స్ఫటికము. రేణువుల గోడలు లేవు. అయినను అది బలమైనది. దాని లోపల అర మైక్రోమీటరు ప్రమాణపు చిన్న చిన్న గడ్డలు మరియొక అమరికలో కిక్కిరిసి, రేఖలకు అడుగడుగున అడ్డు తగులును. అట్టి లోహమునుండి 20 మైక్రోమీటర్ల స్తంభమును చెక్కినను దానిలో వేలకొలది గడ్డలుండును. రేఖ పొడవును నిర్ణయించునది గడ్డల ఎడమే కాని స్తంభపు అంచు కాదు. బయటి ఆకారమును, లోపలి నిర్మాణమును రెంటిని చెప్పవలెనన్న 2004 నాటి హెచ్చరిక ఎంత అవసరమో ఈ రెక్క తెలుపుచున్నది.

బలము సంగతి ఇట్లుండగ, చిన్న ముక్క వంగు తీరు వేరు. వాడపల్లి నరసింహస్వామి గర్భగుడిలో ఒక దీపము నిశ్చలముగను, పక్కది రెపరెపలాడుచును ఉండునని భక్తులు చెప్పుకొందురు. ఒకే లోహపు రెండు ముక్కలకును అట్టి భేదము కలదు. పెద్ద ముక్కను నొక్కినచో గీత సాఫీగ సాగును. చిన్న స్తంభమును నొక్కినచో కొంతసేపు చలనము లేదు, పిదప హఠాత్తుగ ఒక జారుడు, మరల నిశ్శబ్దము. ఈ జారుడులలో చిన్నవి పెక్కు, పెద్దవి కొద్ది. భూకంపముల వరుసను పోలిన గణితమునకు ఇవి లోబడునని డిమిడుక్, ఉచిక్ మున్నగువారు 2006లో చూపిరి. పెద్ద ముక్కలోను జారుడులే జరుగుచున్నవి. కోట్లకొలది కలిసిపోయి సాఫీగ తోచుచున్నవి. ఈ ఒక్క విషయమున సూక్ష్మనమూనాలు పెద్ద లోహపు రహస్యమును నిజముగ బయటపెట్టినవి. బలపు సంఖ్యలకంటె ఈ ఫలితమే ఎక్కువ కాలము నిలుచునని తోచుచున్నది.

ఈ చర్చ కేవలము మాటల తగవు కాదు. అణురియాక్టరులో కొన్నేండ్లున్న ఉక్కును పరీక్షింపవలెనన్న పెద్ద ముక్కను కోసి తీయుట ప్రమాదకరము. దాని రేడియోధార్మికత వలన చిన్న ముక్కయే శ్రేయస్కరము. కల్పాక్కములోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రమున గుండుతో నొక్కి గుంట చూచు పరీక్షను, చిన్న బిళ్ళను గ్రుచ్చి చూచు పరీక్షను పెంపొందించినది ఇందుకే. బిళ్ళ మందము మిల్లీమీటరులో నాల్గవవంతు, అనగా 250 మైక్రోమీటర్లు. చిన్నదైన కొలది బలమను మాటను అక్షరాల నమ్మిన విద్యార్థి ఈ బిళ్ళ ఇచ్చు సంఖ్యను అనుమానించును. అనుమానము అక్కరలేదు. ఉక్కు రేణువు 25 మైక్రోమీటర్లైనచో బిళ్ళ మందములో పది రేణువులు పట్టును, అందులో రేఖలు లెక్కకు మించి యుండును. ఆ బిళ్ళ పెద్ద ఉక్కు తరఫున మాట్లాడగలదు. అదే ఉక్కులో రేణువు 250 మైక్రోమీటర్లకు పెరిగియున్నచో బిళ్ళ మందమున ఒకటే రేణువు. అప్పుడు దాని సాక్ష్యమును యథాతథముగ స్వీకరింపరాదు. బిళ్ళ మారలేదు, లోపలిది మారినది.

తరగతి గదిలో అయాను పుంజము లేకున్నను చేయదగిన పని కలదు. పాత మోటారు చుట్టనుండి మిల్లీమీటరు మందపు రాగితీగను తీసి, పైపూతను గీకి, మంటపై ఎఱ్ఱగ కాచి నీటిలో ముంచవలెను. రాగికి ఇట్లు ముంచుట వలన గట్టితనము రాదు. ఆ తీగ వ్రేళ్ళ మధ్య దారమువలె వంగును. వంచిన చోటనే తిరిగి నిటారుగ చేయమని విద్యార్థికి చెప్పవలెను. అతనికి సాధ్యము కాదు: వంపు తీయబోయిన చోట తీగ గట్టిపడి మొండికేయును, దాని పక్కన కొత్త వంపు పడును. ఎనిమిదివేల రేఖలు ఆ వంపులో లక్షలై ఒకదానికొకటి అడ్డు నిలిచినవి. మరల కాచినచో తీగ మరల మెత్తబడును. ఇదంతయు చూపిన పిదప, ఇదే రాగిలో మైక్రోమీటరు స్తంభము వంపుతో గట్టిపడునా, మెత్తబడునా అని అడుగవలెను. ముందుగ దానిలో రేఖలున్నవా లేవా అని ఎదురు ప్రశ్న వేయు విద్యార్థికి పూర్తి మార్కులు వేయవచ్చును.